కుక్క దాటని కంచె: వెదురు దడా, జాలీయా, గోడా?

మా పెరటి కంచె చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఎన్ని అడుగుల ఎత్తు కట్టించారని. పర్లాకిమిడిలో మా వీధివాళ్ళే కాదు, పాతపట్నంలో ఉన్న చుట్టాలు కూడా ఫోన్ చేసి మరీ ఇదే అడుగుతున్నారు. ఎత్తు సంగతి తేలిక. మామూలు నాటు కుక్కకి ఐదడుగులు చాలు, ఎగిరే రకమైతే ఆరు. నన్నడిగితే చూడాల్సింది కంచె అడుగు భాగం. పైనుంచి దూకడం చేతకాని కుక్క కూడా కింద మట్టి తవ్వి దూరిపోతుంది, వానలకి నేల నానిందంటే దానికి అదెంతసేపు పని!

అసలు పరీక్ష చిత్త కార్తెలో. మగకుక్క ఇంటి పట్టున ఉండని రోజులవి. తుఫాన్లూ అప్పుడే: 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. నేల మెత్తగా ఉండి, గాలి విరగదీస్తూ, కుక్క బయటికి లాగుతున్న ఆ పది పదిహేను రోజులు తట్టుకుంటే ఆ కంచె మిగతా ఏడాదంతా నిలబడుతుంది. (మగకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది, కంచె ఖర్చు కంటే ముందు అది చూసుకోండి.)

వెదురు దడి చౌక, చూడ్డానికీ బాగుంటుంది. కానీ మట్టిలో ఉన్న మొదళ్ళకి చెదలు పడుతుంది. పైకి దడి నిక్షేపంగా కనిపిస్తుంటుంది, కింద పుచ్చిన చోట కుక్క మూతితో తోసుకుని వెళ్ళిపోతుంది.

ప్రహరీ గోడకి పునాది ఉంటుంది కాబట్టి తవ్వుడు బెడద లేదు, దారినపోయేవాళ్ళు కనబడరు కాబట్టి అరుపులూ తగ్గుతాయి. డబ్బుంటే గోడే కట్టుకోండి, కాదనను. అయితే ఖర్చు తగ్గుతుందని మధ్యలో పిల్లర్లు లేకుండా నాలుగున్నర అంగుళాల గోడ పొడుగ్గా లేపేస్తే మాత్రం పెద్ద గాలికి నమ్మకం లేదు.

నా ఓటు జాలీకే, సిమెంటు స్తంభాలు పాతి. గాలి అందులోంచి వెళ్ళిపోతుంది, స్తంభాల మీద బరువు పడదు. తీగ పది గేజ్ అడగండి, నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుందని తెలియక పన్నెండు గేజ్ మందమనుకుని తెచ్చుకునేవాళ్ళున్నారు. జాలీ నేల దాకా వచ్చి ఆగితే లాభం లేదు. అడుగు లోతు కాలవ తవ్వి అందులోకి దింపాలి, లేదా అడుగు వెడల్పున లోపలివైపుకి మడిచి నేలమీద పరిచి పైన రాళ్ళూ మట్టీ వేయాలి. కుక్క కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, గోళ్ళకి తీగ తగిలేసరికి మానేస్తుంది. కుక్క అరుస్తోందని జాలీకి పచ్చ నెట్ కడితే కింద మూడడుగుల వరకే కట్టండి, నిండా కడితే గాలికి తెరచాపలా ఉబ్బి స్తంభాల్ని లాగేస్తుంది.

గేటు కింద సందు మర్చిపోవద్దు. అక్కడ సిమెంటు గడప కట్టించాలి, గేటుకీ దానికీ మధ్య రెండంగుళాలు మించకూడదు.

ముళ్ళ తీగ వద్దు, కుక్క ఒళ్ళు చీరుకుంటుంది. ఇంటి కరెంటు కంచెకివ్వడం గురించి ఒకాయన అడిగారు, మనుషులు చచ్చిపోతారు, ఆ మాటే ఎత్తొద్దు.