కరుణ లేని సుందరి గోడ మీదికి వస్తే: నాలుగు ఆర్ట్ ప్రింట్ల సమీక్ష

మగవాణ్ణి మోహంలో ముంచి, కనికరం లేకుండా వదిలేసే సుందరి 19వ శతాబ్దపు, 20వ శతాబ్దం తొలినాళ్ల యూరప్ చిత్రకారులను వదలలేదు. ఆ చిత్రాల్లో నాలుగింటికి ప్రింట్లు తేలిగ్గా దొరుకుతాయి: ఇంగ్లిష్ చిత్రకారులు వాటర్‌హౌస్, డిక్సీ వేసిన రెండు 'లా బెల్ డామ్ సాన్ మెర్సీ'లు (ఆ పేరుకు 'కరుణ లేని సుందరి' అని అర్థం, అది కీట్స్ కవిత పేరు), ఇంగ్లండ్‌కే చెందిన రోసెట్టి 'లేడీ లిలిత్', ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ 'జూడిత్'. నాలుగింటినీ ఒకే కాగితం మీద, ఒకే సైజులో తీసుకుంటే రెండు పాడవడం ఖాయం.

వాటర్‌హౌస్ చిత్రం (1893) అసలు కొలత 112 × 81 సెం.మీ. ఏ3 (29.7 × 42 సెం.మీ.) కాగితానికి దాదాపు సరిపోతుంది, నిండా వేసినా వెడల్పులో 7 మి.మీ. కూడా పోదు. ఇక్కడ అసలు గండం నలుపుతోనే. అడవి చీకటి, నల్లటి కవచం, ఆ కవచం మీద ముదురు జుట్టు. ఆమె తన జుట్టును సైనికుడి మెడకు చుట్టి కిందికి లాగుతోంది. చిత్రంలోని క్రూరత్వమంతా ఆ జుట్టులోనే ఉంది. మెరుపు లేని మ్యాట్ కాటన్ కాగితం మీద నలుపు సాంద్రత (అంకె పెరిగేకొద్దీ నలుపు గాఢం) సుమారు 1.6 దగ్గర ఆగిపోతుంది, అందుకే జుట్టూ కవచమూ కలిసిపోయి ఒకే బూడిదరంగు మచ్చ అవుతాయి. కాస్త మెరుపున్న, ఫొటో కాగితం లాంటి బరైటా మీద 2.3 దాకా వెళ్తుంది, పాయ పాయ విడిగా తెలుస్తుంది. కొందరు చీకటి ఎక్కువైందని ఫైల్‌లో నీడలు లేపేస్తారు. అప్పుడు చెట్లు స్పష్టంగా వస్తాయి, కానీ ఇద్దరు ప్రేమికుల విహారంలా తయారవుతుంది. ప్రూఫ్ (నమూనా ప్రింటు) చూసినప్పుడు ముందు మెడ దగ్గర చూడండి. ఏ3కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే ఫైలు కనీసం 3508 × 4961 పిక్సెళ్లు ఉండాలి. దీనికి మామూలు గాజు వేస్తే ఎదురుగా ఉన్న కిటికీ తప్ప మరేమీ కనపడదు, కాబట్టి ప్రతిబింబం పడని గాజు తప్పనిసరి.

డిక్సీ చిత్రం అడ్డంగా ఉంటుంది. గుర్రం మీద ఆమె, కింద చేతులు చాచి మైమరచి నిలబడ్డ సైనికుడు. వెలుగు ఎక్కువ కాబట్టి మ్యాట్ మీద కూడా బాగానే వస్తుంది. నాలుగింటిలో ఇదే తేలిక ప్రింటు. నిర్దయ కూడా ఇందులోనే తక్కువ.

యూదుల గాథల్లో ఆదాము మొదటి భార్య లిలిత్. ఆమె విషయంలో మోసపోయే చోటు వేరు. రోసెట్టి 1866–68లో వేసిన తైలవర్ణ చిత్రానికి ముందు ఫ్యానీ కార్న్‌ఫోర్త్ మోడల్. 1872–73లో ఆ ముఖం చెరిపి అలెక్సా వైల్డింగ్ ముఖం పెట్టాడు. అదే ఇప్పుడు అమెరికాలోని డెలావేర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని 1867 నీటిరంగుల చిత్రంలో ఫ్యానీ ముఖం అలాగే మిగిలింది. అమ్మకపు పేజీల్లో రెండింటికీ ఒకే పేరు ఉంటుంది, కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందు మ్యూజియం పేరు అడగాలి. ఎవరినీ చూడక అద్దంలో తనను తానే చూసుకునే ఆ చల్లటి చూపు కావాలంటే డెలావేర్ చిత్రమే తీసుకోవాలి. కొలత 96.5 × 85.1 సెం.మీ., అంటే దాదాపు చదరం. ఏ3లో పూర్తిగా ఉంచితే పైనా కిందా 4 సెం.మీ. చొప్పున తెల్ల అంచు మిగులుతుంది. ఉండనివ్వండి. నిండా వేయిస్తే వెడల్పులో ఐదో వంతు తెగి, అద్దమో పూలో పోతాయి. కాన్వాస్ మీద వేయించి చెక్కకు బిగించడం ఇంకా చెడ్డది: ఒక్కో వైపు 3–4 సెం.మీ. పక్కకు మడత పడుతుంది. చిన్న సైజులో కాన్వాస్ నేత కనురెప్పలను మింగేస్తుంది కూడా. దీనికి మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) పైబడ్డ మ్యాట్ కాటన్ కాగితమే సరి. తెల్లని దుస్తులు, తెల్ల గులాబీలు దాని మీద మెత్తగా నిలుస్తాయి.

క్లిమ్ట్ జూడిత్ (1901) కొలత 84 × 42 సెం.మీ., పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు. పాత కథలో జూడిత్ తల నరికిన శత్రు సేనాని హోలోఫెర్నెస్. ఆ తలను క్లిమ్టే కింద కుడి మూలలో, చిత్రం అంచు దగ్గర సగమే కనపడేలా వేశాడు. ఏ3 నిండా వేయిస్తే ఎత్తులో 29 శాతం పోతుంది. కింద కోస్తే తల పూర్తిగా మాయమై, సగం మూసిన కళ్లతో ఒక అందమైన స్త్రీ మాత్రమే మిగులుతుంది. ఆమె చేసిన పని కనపడకుండా ఆ కళ్లకు అర్థమే లేదు. మూలచిత్రంలో బంగారు రేకు ఉంది. మామూలు ఇంక్‌జెట్‌లో ఆ లోహపు సిరా ఉండదు కనుక ఆవపొడి రంగు వస్తుంది. మెటాలిక్ కాగితం వాడితే బంగారం కొంత మెరుస్తుంది గానీ చర్మమూ మెరుస్తుంది, అది చూడలేం. బరైటా మీద ఆవరంగుతోనే సరిపెట్టుకోవడం మేలు. ఈ నాలుగింటిలో ప్రింటుకు అస్సలు లొంగనిది ఇదే.

కొన్ని ప్రింట్ల కింద ఇంగ్లిష్ కవి కీట్స్ 1819లో రాసిన 'లా బెల్ డామ్ సాన్ మెర్సీ' కవిత వేస్తారు. అది 12 చరణాలు, 48 పాదాలు. ప్రతి చరణంలో నాలుగో పాదం కావాలనే పొట్టిగా, ఊపిరి తెగినట్టు ఆగుతుంది. పాదాలన్నీ మధ్యకు సర్ది అచ్చువేస్తే ఆ తెగడం కనిపించదు, ఎడమ అంచుకే ఉండాలి. జాగా చాలక ముద్దుల దగ్గర, ఎనిమిదో చరణంతో ఆపేసిన ప్రింట్లు అసలు కొనకండి. ఆమెకు కరుణ లేదన్న మాట పదో చరణంలో, కలలో పాలిపోయిన రాజుల నోట వస్తుంది. రెండు నిలువు వరుసల్లో వేస్తే కవిత మొత్తం ఏ4లో హాయిగా పడుతుంది. చిత్రం కింద ఇరికించకుండా విడి ఫ్రేములో పక్కన పెట్టించుకోండి.