ఎయిర్ పిస్టల్ గ్రిప్: పుట్టీ పెట్టాలా, ఆకురాయి పట్టాలా?

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చూపుడు వేలి గోరు వెడల్పంత. 75 నిమిషాల్లో 60 షాట్లు, అదీ ఒంటిచేత్తో. గ్రిప్, అంటే పిస్టల్ పిడి, ప్రతిసారీ అరచేతిలో ఒకేలా కూర్చోకపోతే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అక్రోట్ చెక్క గ్రిప్‌లు మామూలుగా చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతాయి. మన చేయి మూడింటికీ సరిపోకపోవచ్చు. అప్పుడు ఖాళీగా ఉన్నచోట పుట్టీ పెట్టాలి, లేదా ఒత్తుకుంటున్నచోట ఆకురాయితో అరగదీయాలి.

నేను ముందు ఆకురాయే పట్టాను. బొటనవేలి మొదట్లో నొప్పిగా ఉంటే ఓ ఆదివారం కూర్చుని అక్కడే గీకుతూ పోయాను. నొప్పి తగ్గింది, పిస్టల్ మాత్రం చేతిలో ఆడటం మొదలుపెట్టింది. తీరా చూస్తే తప్పు అక్కడ లేనే లేదు. కింద అరచేతిని ఆనించే పామ్ షెల్ఫ్‌ను మరీ పైకి బిగించాను. అది చేతిని పైకి నెట్టి బొటనవేలిని నొక్కింది. స్క్రూ కాస్త వదులు చేస్తే పోయే పనికి చెక్క పోగొట్టుకున్నాను.

అందుకే నా ఓటు పుట్టీకి. వడ్రంగి వాడే ఉడ్ పుట్టీ మందంగా పెడితే ఎండాక పగుళ్లిస్తుంది. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ కుంచించుకుపోదు, కానీ తర్వాత పీకేయాలంటే చెక్క కూడా ఊడొస్తుంది. కాబట్టి పలుచగా మొదలుపెట్టండి.

పిస్టల్ ఖాళీగా ఉందో లేదో ముందు రెండుసార్లు చూసుకోండి. గ్రిప్ విప్పి, పుట్టీ పెట్టేచోట పాలిష్‌ను గరుకు చేసి, మళ్లీ బిగించండి. కలిపిన ముద్దను అద్ది, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, గురి పట్టినట్టే పట్టుకోండి. పిడికిలి బిగిస్తే అవసరమైన పుట్టీ కాస్తా పక్కలకు పోతుంది. రాత్రంతా ఆరనిచ్చి, గ్రిప్ విప్పాకే శాండ్ పేపర్ పట్టండి. చెక్క పొడి పిస్టల్ లోపలికి పోకూడదు, మన ముక్కులోకీ పోకూడదు.

సరిపోయిందో లేదో చూడటానికి కళ్లు మూసుకుని ఖాళీ పిస్టల్‌ను టార్గెట్ వైపు ఎత్తండి. కళ్లు తెరిచేసరికి గొట్టం చివర గురి చూసే ముందు సైట్, వెనక సైట్ గాడి మధ్యలో నిలబడాలి. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఒకే పక్కకు పోతుంటే గ్రిప్ ఇంకా కుదరలేదు. అప్పుడు కూడా ఒక్కచోటే మార్చి, మళ్లీ చూడండి.

పోటీలకు వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పిస్టల్ మొత్తం 420 x 200 x 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పక్కన పుట్టీ దట్టించేస్తే ఆ 50 దగ్గరే ఇరుక్కుంటుంది. మణికట్టుకు ఆసరా ఇచ్చేలా గ్రిప్‌ను పెంచడం కూడా కుదరదు.

జర్మనీలో రింక్ లాంటి తయారీదారులు చేతి కొలతలు పంపితే గ్రిప్ చేసిస్తారు. చెయ్యి ఇంకా ఎదుగుతున్న పిల్లలకు మాత్రం అంత ఖర్చు దండగ. నా గ్రిప్ మీద ఇప్పటికీ బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. ఆ ఆదివారం గీకేసిన గుంటను పూడ్చింది పుట్టీయే.