85 వేలు పెట్టి ఒక్క అంకె కొన్నాం

చిట్యాల దగ్గర ఓ చిన్న కెమికల్ యూనిట్‌లో పదమూడేళ్లుగా క్యూసీ (సరుకు నాణ్యత తనిఖీ) చూస్తున్నాను. మేం చేసే ఇంటర్మీడియట్ (ఇంకో రసాయనం తయారీకి వాడే మధ్య దశ సరుకు) తెల్లటి పొడి. వాసన ఉండదు, 92 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని సేఫ్టీ డేటా షీట్ (రసాయనం గుణాలు, జాగ్రత్తలు రాసే పత్రం) తొమ్మిదో సెక్షన్‌లో వేపర్ ప్రెషర్ (ఆవిరి పీడనం, అంటే పదార్థం ఎంతగా ఆవిరవుతుందో చెప్పే అంకె) గడిలో ఇన్నాళ్లూ ‘నెగ్లిజిబుల్’ అని రాసుకుంటూ వచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. పోయిన మార్చిలో ఒక విదేశీ కస్టమర్ పట్టుకున్నాడు. నెగ్లిజిబుల్ అంటే ఎంత? 25 డిగ్రీల దగ్గర అంకె కావాలి, కొలిచిన రిపోర్టు కావాలి అన్నాడు.

మా ఎండీ సార్ ‘ఎక్కడ చౌకో చూడు’ అన్నారు. చూశాను. 18 వేలకు చేసే ల్యాబ్ దొరికింది. తొమ్మిది రోజుల్లో రెండు పేజీల రిపోర్టు కూడా వచ్చింది: 0.006 పాస్కల్ (పీడనం కొలిచే యూనిట్). రెండో పేజీ చదివాకే టెన్షన్ పట్టుకుంది. వాళ్లు మా పొడిని కరిగించి, 235 నుంచి 270 డిగ్రీల మధ్య నాలుగు చోట్ల మరిగించి, గ్రాఫ్ మీద ఆ నాలుగు చుక్కల మీదుగా గీత గీసి, దాన్ని 25 డిగ్రీల దాకా లాక్కొచ్చారు. హైదరాబాద్‌లో నాలుగు కిలోమీటర్ల రోడ్డు చూసి నల్లగొండ దాకా అట్లాగే ఉంటుందని చెప్పినట్టు. పైగా ‘శాంపిల్ గోధుమ రంగుకు మారింది’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మరుగుతున్నది మా పదార్థమేనా, విరిగిపోయిన ముక్కలా?

ఇక అసలు సంగతి రెండో ల్యాబ్ గురించి. రెండింటి పేర్లూ రాయను, కంపెనీ నుంచి అనుమతి లేదు. ఇది హైదరాబాద్ శివారులో ఉంది, జీఎల్‌పీ (ల్యాబ్ పనితీరుకు నాణ్యత ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్నది. కొటేషన్ 85 వేలు, జీఎస్టీ 18 శాతం అదనం. ఎండీ సార్‌ను ఒప్పించడానికి నాకు వారం పట్టింది.

శాంపిల్ నేనే తీసుకెళ్లాను. 20 గ్రాములు, బ్రౌన్ రంగు గాజు సీసా, మూత చుట్టూ టెఫ్లాన్ టేపు. తెలియని తెల్లపొడి అంటే కొరియర్ వాళ్లు పట్టుకోరు. సీసాను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని విజయవాడ హైవే మీద ఆర్టీసీ బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన ‘ఏంది బిడ్డా, గట్ల పట్టుకున్నవ్, పాలా?’ అని అడిగాడు. అవునన్నాను.

అక్కడ నన్ను కూర్చోబెట్టి మాట్లాడిన మేడమ్ మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు, ‘ఇందులో టోలీన్ ఎంత మిగిలింది?’ అని. మా ఆఖరి కడుగుడు టోలీన్ అనే ద్రావకంతోనే అని ఆవిడకు సింథసిస్ చూడగానే అర్థమైంది. టోలీన్ ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర దాదాపు 3,800 పాస్కల్స్. పొడిలో అది పిసరంత ఉన్నా, బరువు తగ్గడాన్ని బట్టి కొలిచే పద్ధతుల్లో ముందు అదే లేచిపోయి లెక్కంతా పాడు చేస్తుంది. నేను 0.2 శాతం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ముందు వాక్యూమ్‌లో రెండు రోజులు ఆరబెట్టాలి అన్నారు. 18 వేల ల్యాబ్ ఈ మాటే ఎత్తలేదు.

మొదటి రిపోర్టు కూడా చూపించాను. నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. ‘ఓఈసీడీ 104లో, అంటే ఆవిరి పీడనం కొలిచే అంతర్జాతీయ గైడ్‌లైన్‌లో, పద్ధతులు చాలా ఉన్నాయండీ. మరిగించేది 1000 పాస్కల్స్ పైన పనికొస్తుంది. మీది అంతకు లక్షల రెట్లు కింద ఉంటుంది. ఇంకోటి, వాళ్లు కొలిచింది ద్రవాన్ని, మీ గోడౌన్‌లో ఉన్నది ఘనం. 92 దగ్గర గీత వంగుతుంది. ఘనం గీత ఇంకా నిటారుగా దిగుతుంది’ అన్నారు. ఎమ్మెస్సీలో చదువుకున్నదే, తలకెక్కింది మాత్రం ఆ రోజు.

వాళ్లు ఎంచుకున్నది గ్యాస్ సాచురేషన్ పద్ధతి. సన్న గాజు పూసలకు మా పదార్థం పూత పూసి గొట్టంలో నింపుతారు. గొట్టాన్ని వేడి కదలకుండా నీళ్ల బాత్‌లో ముంచి, లోపలికి నైట్రోజన్‌ను మెల్లగా, నిమిషానికి 50 మిల్లీలీటర్లు వదులుతారు. మోయగలిగినంత ఆవిరిని మోసుకొచ్చిన నైట్రోజన్ బయట ట్రాప్‌లో (ఆవిరిని పట్టి ఉంచే గొట్టంలో) దాన్ని వదిలేస్తుంది. ట్రాప్‌ను కడిగి క్రొమటోగ్రాఫ్‌లో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) చూస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు 216 లీటర్ల నైట్రోజన్ పోతే చిక్కింది 10 మైక్రోగ్రాములు! చిటికెడు ఉప్పులో వెయ్యో వంతు కూడా కాదు.

నాకు బాగా నచ్చినవి రెండు. ట్రాప్ వెనక ఇంకో ట్రాప్ పెట్టారు. రెండో దాంట్లో ఏమీ లేకపోతేనే మొదటిది మొత్తం పట్టిందని నమ్మకం. తర్వాత ఫ్లో సగం చేశారు, రెట్టింపు చేశారు. మూడు సార్లూ జవాబు ఒక్కటే వస్తేనే నైట్రోజన్ నిండుగా మోస్తోందని అర్థం. మూడూ కలిశాయి.

25 డిగ్రీల దగ్గర 0.0004 పాస్కల్. 35 దగ్గర 0.0015. 45 దగ్గర 0.005. బీరువాలో వేసుకునే నాఫ్తలీన్ ఉండ ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర సుమారు 11 పాస్కల్స్, అంటే మాది దానికంటే ఇరవై ఏడు వేల రెట్లు తక్కువ. అయితే 45 దగ్గరి అంకె చూసి కాసేపు ఆగిపోయాను. మా గోడౌన్‌కు రేకుల కప్పు. మే నెల టెంపరేచర్ రిజిస్టర్ తీస్తే మధ్యాహ్నాలన్నీ 44, 45. మొదటి ల్యాబ్ 25 డిగ్రీలకని ఇచ్చిన అంకె ఇంచుమించు మా ఎండాకాలం గోడౌన్‌ది! గోడౌన్‌కు రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఇండెంట్ పెట్టాను, ఎండీ సార్ ఒకటి ఇచ్చారు.

తక్కువలు కూడా చెప్పాలి. మూడు వారాలన్నారు, ఏడు పట్టింది. అందులో ఒక వారం వాళ్ల తప్పు కాదు. రన్ రెండో రాత్రి కరెంటు పోయి బాత్ చల్లబడింది. అక్కడి నుంచి లాగించకుండా మొదటి నుంచి చేశారు, ఫోన్ చేసి చెప్పారు కూడా. మిగతా మూడు వారాలు మాత్రం రిపోర్టు సంతకాల కోసమే. ఫోన్ చేస్తే ‘క్యూఏ (నాణ్యత హామీ విభాగం) దగ్గర ఉంది’ తప్ప వేరే మాట లేదు. డ్రాఫ్టులో అంకె పాదరసం మిల్లీమీటర్లలో వచ్చింది, కస్టమర్‌కు పాస్కల్స్ కావాలి. 133తో హెచ్చిస్తే సరిపోయేదే, కానీ సంతకం అయ్యాక నేను ముట్టుకోకూడదు కదా, మళ్లీ నాలుగు రోజులు. ఇన్వాయిస్‌లో మా జిల్లా రంగారెడ్డి అని పడింది. నల్లగొండ అని రెండు మెయిళ్లు పెడితే గానీ మారలేదు. క్యాంటీన్ టీ నీళ్లే.

పని పద్ధతికి 5కి 5, ఆఫీసు వ్యవహారానికి 5కి 2.

వాడగా మిగిలిన 11 గ్రాముల పొడిని తూచి, సీల్ వేసి, బరువు రాసిన చీటీ అంటించి రిపోర్టుతోపాటు తిరిగి ఇచ్చారు. 18 వేల ల్యాబ్ నుంచి మా సీసా ఇంకా రాలేదు.