శనివారం నాడు కొచ్చిలో

మా ప్రయాణంలో జరిగిన పెద్ద పొరపాటు వారం చూసుకోకపోవడం. తెనాలిలో శబరి ఎక్కి శుక్రవారం ఎర్నాకుళం టౌన్‌లో దిగాం. గదిలో సామాను పెట్టి, భోజనం ముగించి మట్టాంచేరిలోని యూదుల వీధికి చేరేసరికి పరదేశి సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) తలుపులు వేసేశారు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే సబ్బాతు (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) కోసం మధ్యాహ్నమే మూస్తారట, శనివారం పూర్తిగా సెలవు. ‘పూజలకైతే పంచాంగం తిరగేస్తారు, ప్రయాణానికి క్యాలెండరైనా చూడరు మీరు’ అంది మా ఆవిడ. బదులు చెప్పే ధైర్యం లేకపోయింది.

నాకు ఈ గుళ్ల మీద ఆసక్తి కలగడానికి కారణం మా ఊరి పక్కనే ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని పాటించే తెలుగు కుటుంబాలు, వాళ్లదో చిన్న ప్రార్థనా మందిరం ఉన్నాయి. నిండా ఒక వీధి కూడా లేని సమాజాన్ని ఎవరు నడుపుతారు, లెక్కలు ఎవరు చూస్తారు, పండుగ ఏర్పాట్లు ఎవరి నెత్తిన పడతాయి అనేది నా సందేహం. దానికి జవాబు ఇక్కడ దొరికింది: కేరళ యూదులకు సంప్రదాయంగా రబ్బీలు (మత గురువులు) లేరు. ప్రార్థన చదివించడం దగ్గర నుంచి ఆస్తుల నిర్వహణ దాకా సమాజంలోని పెద్దలే చూసుకున్నారు.

శనివారం వృథా కాకుండా ఉత్తర పరవూరు బస్సెక్కాం. ఎర్నాకుళం నుంచి బస్సులు విరివిగా ఉన్నాయి, కూర్చోవడానికి చోటూ దొరికింది. పరవూరు సినగాగు, అక్కడికి దగ్గరలోని చేందమంగలం సినగాగు ఇప్పుడు మ్యూజియంలు. రెండూ ఆ రోజు హాయిగా తెరిచే ఉన్నాయి. ఎందుకో తట్టడానికి కాసేపు పట్టింది: సబ్బాతు పాటించే వాళ్లు అక్కడ లేరు మరి.

నా మార్కులు చేందమంగలానికే. గుడీ, చర్చీ, మసీదూ అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పచ్చటి ఊరు. ఆవరణలో 1269 నాటి హీబ్రూ సమాధి రాయి ఉంది. లోపల ప్రార్థన చదివే వేదికలు రెండు, ఒకటి కింద, ఒకటి పై అంతస్తులో. ఇది కేరళ సినగాగుల ప్రత్యేకత. పరవూరు భవనం ఇంకా పెద్దది, కానీ పలకలు చదువుకోవడమే తప్ప వివరించే మనిషి దొరకలేదు. ఆటో మాట్లాడుకునేటప్పుడు రెండు చోట్లకూ కలిపి బేరమాడండి. మేము విడివిడిగా ఇచ్చి నష్టపోయాం.

ఈ ఊళ్లు ఖాళీ అయిన కథలో నన్ను ఎక్కువగా కదిలించింది ప్రయాణం కాదు, దానికి ముందు నిరీక్షణ. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడి యూదులు వెళ్లడానికి సిద్ధమయ్యారు. అయితే బోదకాలు అక్కడికి వ్యాపిస్తుందన్న భయంతో అక్కడి అధికారులు వీళ్లను రానివ్వడం ఆలస్యం చేశారు. ఇల్లు కదిలి ఊరు కదలని అవస్థ అది. ఎ.బి. సాలెం అనే వకీలు 1953లో ఇజ్రాయెల్ వెళ్లి వీళ్ల తరఫున మాట్లాడారు. అంతకుముందు ఆయనే పరదేశి సినగాగులో తనవారిని, అంటే విముక్తి పొందిన బానిసల వంశీకులను, లోపల సమానంగా కూర్చోనివ్వని వివక్ష మీద సత్యాగ్రహం చేశారు. ‘యూదు గాంధీ’ అన్న పేరు ఊరికే రాలేదు. తన వాళ్లను వసారాలో కూర్చోబెట్టినా, అందరి కోసం సముద్రం దాటి వెళ్లడం నాకైతే చేతకాదు.

ఇక బస. ఫోర్ట్ కొచ్చిలో ఒక హోమ్‌స్టే తీసుకున్నాం. ఫొటోలో కనిపించిన వరండా నిజమే, గోడల తేమ మాత్రం ఫొటోలో లేదు. పుట్టు, కడల కూర బాగుండబట్టి ఫిర్యాదు చేయలేదు. పిల్లలతో వెళ్లే వాళ్లకు ఎర్నాకుళంలో దిగడమే మేలు. అటూ ఇటూ తిరగడానికి వాటర్ మెట్రో చల్లగా, శుభ్రంగా ఉంది. పాత ప్రభుత్వ పడవలో గాలి ఎక్కువ, ఖర్చు నామమాత్రం. నేను పడవకే ఓటేస్తాను.

ఆదివారం పొద్దున్నే పరదేశికి వెళ్లాం. 1568లో కట్టిన గుడి. నేల మీద చైనా నుంచి వచ్చిన నీలి బొమ్మల పలకలు, పైన బెల్జియం షాండ్లియర్లు. చెప్పులు బయటే విడవాలి, పలకల చల్లదనం పాదాలకు తెలుస్తుంది. కాసేపటికే బృందాలు దిగుతాయి, ఆ తర్వాత తోపులాటే. ఇక్కడ వార్డెన్‌గా, మేనేజింగ్ ట్రస్టీగా బాధ్యత మోసిన క్వీనీ హలేగ్వా 2024 ఆగస్టులో పోయారు. సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు కావాలన్నది నియమం. బయటి నుంచి వచ్చిన యూదులు కలిస్తే తప్ప ఇక్కడ ఆ లెక్క కుదరదు.

తిరుగు రైలుకు ముందు ఎర్నాకుళం మార్కెట్ దగ్గరి కడవుంభాగం సినగాగుకు వెళ్లాం. ముందు భాగంలో మొక్కలు, అక్వేరియం చేపలు అమ్మే దుకాణం, దాని వెనక గుడి. సమాజం వెళ్లిపోయాక కొన్ని దశాబ్దాలుగా ఈ కట్టడాన్ని కాపాడుతున్నది ఆ దుకాణం నడిపే ఆయనే. మరమ్మతులయ్యాక 2018లో ఇక్కడికి మళ్లీ తోరా చుట్ట (యూదుల పవిత్ర గ్రంథం రాసిన తోలు చుట్ట) వచ్చింది. టికెట్టు లేదు, గైడు లేడు. మా ఆవిడ ఒక మనీప్లాంటు కొంది. కుండీ రైల్లో పగిలింది కానీ మొక్క బతికింది.