జర్మనీలో పురుడు: ఇంటికి వచ్చే మంత్రసాని

స్టుట్‌గార్ట్‌లో కొన్నేళ్లుగా ఉంటున్న నన్ను ఇక్కడి వైద్యం ఎలా ఉంటుందని ఎవరడిగినా, ముందుగా చెప్పేది ప్రసవం తరువాత ఇంటికి వచ్చే మంత్రసాని గురించే. ఇక్కడ ఆమెను హెబామ్మె అంటారు. జీతంలోంచి బీమాకు ఎంత పోతుందో, స్పెషలిస్టు కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలో అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోవడం లేదు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న బాలింత ఇంటికి హెబామ్మె తొలి 10 రోజులు రోజూ రావచ్చు. ఆపైన 12 వారాలు నిండేదాకా అవసరాన్ని బట్టి మరో 16 సార్ల వరకు రావచ్చు. ఖర్చు బీమాదే. కాగితం మీద చదివినప్పుడు దీని విలువ నాకు అంతగా తెలియలేదు. మా అక్క హైదరాబాదులో ప్రసవించాక కుట్లు చూపించుకోవడానికి పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తిరిగిన రోజులు గుర్తున్నాయి. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు పురిటి ఇళ్లకు వెళ్లి బిడ్డను చూసి వస్తారు కానీ, అక్క ఉండే అపార్టుమెంటుకు ఎవరూ రాలేదు.

నా కాన్పు అయి మేము ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు మా హెబామ్మె వచ్చి, పాపను గుడ్డలో వేసి చిన్న కొక్కెం తూకానికి వేలాడదీసి బరువు చూసింది, బొడ్డు చూసింది, నా కుట్లు చూసి, పాలు పట్టేటప్పుడు పాప తలను ఏ వైపు నుంచి ఆనించుకోవాలో చూపించింది. తరువాత పాప నుదుటి మీద, ఛాతీ మీద వేలితో నొక్కి చూసి కాసేపు మాట్లాడలేదు. పాప ఒంటిరంగు పసుపుకు తిరిగిందని మేమూ గమనించాము. పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెడితే పసిరికలు అవే తగ్గుతాయని అమ్మ అప్పటికే ధైర్యం చెప్పింది కూడా. కానీ అది నవంబరు, ఇక్కడ ఎండ అన్నదే లేదు. బరువు తగ్గిందనీ, పాప మరీ మగతగా ఉండి పాలు సరిగా తాగడం లేదనీ, అందువల్ల మర్నాటిదాకా ఆగకూడదనీ చెప్పి, ఆమే పిల్లల ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేసి పాపను నీలి దీపాల కింద పెట్టారు. ఆమె రాకపోయి ఉంటే మేము ఇంకా ఎంతసేపు ఆగేవాళ్లమో ఆలోచించాలంటేనే నాకు ఇప్పటికీ భయం. డాక్టరు కాని మనిషి ఏం చూస్తుందని మొదట సందేహించిన అమ్మ, ఆ తరువాత ఆమె వచ్చే వేళకు ఉప్మా చేసి ఉంచేది. పాప ఉన్న గదిలో సాంబ్రాణి పొగ వద్దని ఆమె నెమ్మదిగా చెబితే ఆ మాట కూడా మన్నించింది. పత్యం విషయంలో మాత్రం ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు.

ఇంతగా మెచ్చుకున్నాక మరో సంగతి కూడా చెప్పాలి. ఇదంతా ఒక్క మనిషి మీద నిలబడిన ఏర్పాటు. డిసెంబరులో ఆమె సెలవు మీద వెళ్తే, బదులు వచ్చేవారు దొరకలేదు. సరిగ్గా అప్పుడే, ఒక శనివారం రాత్రి నాకు రొమ్ము గట్టిపడి చలిజ్వరం వచ్చింది. క్లినిక్కులు మూసి ఉండే వేళల్లో డాక్టరు సాయం కోసం చేసే 116117 నంబరుకు ఫోన్ చేసి చాలాసేపు లైనులో ఉన్నాక ఒక ఆసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ గంటల తరబడి కూర్చోబెట్టి, మందు రాసిచ్చి పంపించారే తప్ప పాలు పట్టడం గురించి ఒక్క మాట చెప్పలేదు. అసలు హెబామ్మె దొరకడమే ఇక్కడ కష్టం. నా నెల తప్పిన కొత్తలోనే పొరుగింటావిడ తొందరపెట్టి ఫోన్లు చేయించబట్టి మాకు దొరికింది. ఏడో నెలలో ఈ దేశం వచ్చిన నా స్నేహితురాలికి ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు.

నాది మామూలు కాన్పు, మా వారికి జర్మన్ బాగా వచ్చు, అమ్మకు 90 రోజుల వీసా దొరికింది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో. రెండో కాన్పు కూడా ఇక్కడే అనుకుంటున్నాము. అయితే ఆ హెబామ్మె అప్పటికి ఖాళీగా ఉంటేనే ఆ మాట గట్టిగా చెప్పగలను.