తలని చేత్తో పట్టుకుని చూసే డాక్టరు: గుంటూరు కొత్తపేటలో ఒక స్కిన్ క్లినిక్

గుంటూరు కొత్తపేటలో స్కిన్ డాక్టర్లకి కొదవలేదు. అయినా జుట్టు ఊడిపోతోందని ఎవరు దిగులుపడినా నేను ఈ మేడమ్ దగ్గరికే వెళ్ళమంటున్నాను. మందు అక్కర్లేని వాళ్ళకి ఆవిడ మందు రాయరు, అవసరమున్న వాళ్ళని అలా వదిలేయరు. మా ఇంట్లో ఈ రెండూ ఒక్క పూటలోనే జరిగాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ముఖ్యంగా బాలింతలున్న ఇళ్ళవాళ్ళ కోసం.

మా అమ్మాయి పురిటికి వచ్చి ఇక్కడే ఉంది. బాబుకి నాలుగో నెల. కొన్ని వారాలుగా దువ్వెన పెడితే చాలు, గుప్పెడు జుట్టు. తలస్నానం చేస్తే బాత్‌రూమ్ జాలీ మూసుకుపోయేది. దిండు మీద, ఉయ్యాల గుడ్డ మీద, చివరికి బాబు పిడికిట్లో కూడా వెంట్రుకలే. మా అత్తగారు మాత్రం, "బిడ్డ తల్లి మొహం చూసి నవ్వడం మొదలెడితే జుట్టు ఊడుతుందే, మళ్ళీ అదే వస్తుంది" అని ధైర్యం చెప్పారు. అమ్మాయి టెన్షన్ ఆ మాటతో తగ్గలేదు.

దానికి కారణం ఉంది. అంతకుముందే అల్లుడితో కలిసి బెజవాడలో ఒక హెయిర్ క్లినిక్‌కి వెళ్ళొచ్చింది. అక్కడ డాక్టరు కనిపించనే లేదట. కౌన్సెలర్‌ని అంటూ ఒకమ్మాయి నెత్తి మీద కెమెరా పెట్టి, టీవీలో పెద్దది చేసి చూపించి, ఇప్పుడే ట్రీట్‌మెంట్ మొదలుపెట్టకపోతే కుదుళ్ళు చచ్చిపోతాయని చెప్పిందట. సిట్టింగులు, ప్యాకేజీ, అన్నీ కలిపి 60,000 రూపాయలు, కావాలంటే ఈఎంఐ. బిడ్డకి పాలిస్తున్నావా అని ఒక్క ప్రశ్న లేదు. ఆ రాత్రంతా పిల్ల ఏడుస్తూనే ఉంది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. నాలుగు నెలల బాలింతని అలా భయపెట్టవచ్చా?

సరే, ఈ క్లినిక్ సంగతికి వస్తాను. మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. ఫోన్ చేస్తే టోకెన్ ఇస్తారు కానీ సాయంత్రం ఓపీలో చెప్పిన టైముకి పిలవడం కష్టం. చంటిబిడ్డతో వెళ్ళేవాళ్ళు ఉదయం ఓపీకే వెళ్ళండి. ఫీజు 500. వారంలోపు రిపోర్టులు చూపించడానికి వెళ్తే మళ్ళీ తీసుకోరు. టోకెన్ ఇచ్చేటప్పుడే, వచ్చే ముందు రోజు తలస్నానం చేయొద్దు, నూనె పెట్టొద్దు అని చెప్పారు. ఎందుకో లోపలికి వెళ్ళాక తెలిసింది.

మేడమ్ ముందు ప్రశ్నలు అడిగారు. కాన్పు ఎప్పుడైంది, రక్తం ఎక్కువ పోయిందా, ఈ మధ్య డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు వచ్చాయా, ఏం తింటోంది, అమ్మానాన్నల జుట్టు ఎలా ఉంటుంది. తర్వాత ఫోన్లో పాత ఫోటోలు చూపించమన్నారు. పెళ్ళి ఫోటోల్లో పాపిట బిళ్ళ అడ్డం వచ్చింది. ఇంకో ఫోటోలో పాపిడి స్పష్టంగా కనిపిస్తే, దాన్ని ఇప్పటి పాపిడితో పోల్చి చూశారు. వెడల్పు ఏమీ మారలేదు.

ఆ తర్వాత లేచి వచ్చి, చెవి పైన 50, 60 వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని, కుదుళ్ళ దగ్గర్నుంచి చివరిదాకా మెల్లగా లాగారు. అలాగే నడినెత్తిన, వెనక, రెండో పక్క. ముందు రోజు తలంటుకుంటే ఊడాల్సినవన్నీ అప్పుడే పోయి, ఇక్కడ లెక్క తేడా వస్తుందట. చేతికొచ్చిన వాటిని తెల్ల కాగితం మీద పెట్టి లెక్కపెట్టారు. పట్టుకున్న వాటిలో పదో వంతు కంటే ఎక్కువ వస్తే జుట్టు మామూలు కన్నా ఎక్కువగా రాలుతున్నట్టు. మా అమ్మాయికి అన్ని చోట్లా అలాగే వచ్చాయి.

అందులో ఒక వెంట్రుక తీసి టేబుల్ లైటు కింద పెట్టి మాకు చూపించారు. చివర ఆవగింజలో పావు వంతు కూడా లేని తెల్లటి ఉండ. రోజూ దాన్ని చూసే కదా, కుదురుతో సహా వచ్చేస్తోందని పిల్ల ఏడ్చేది! అది కుదురు కాదమ్మా అన్నారు మేడమ్. పెరగడం ఆగిపోయిన వెంట్రుక అడుగు భాగం అలా గట్టిపడి తెల్లగా కనిపిస్తుంది. కుదురు చర్మం లోపల క్షేమంగానే ఉంది, అక్కడి నుంచే కొత్తది మొలుస్తుంది. ఆ ఉండ లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా వస్తుంటే మాత్రం అది ఊడటం కాదు, మధ్యలో తెగడం. తడి జుట్టుని లాగి చిక్కు తీయడం, స్ట్రెయిటెనింగ్ లాంటివి మానుకుంటే అది తగ్గుతుంది.

మామూలు లెక్క కూడా చెప్పారు. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో పదింట తొమ్మిది ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ళ దాకా. మిగతావి రెండు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి రాలిపోతాయి. అందుకే రోజుకి 50 నుంచి 100 పోవడం ఎవరికైనా ఉండేదే. జడ వేసుకునేవాళ్ళకి రాలినవి జడలోనే చిక్కుకుని, తలంటుకున్న రోజు రెండు మూడు రోజులవీ ఒక్కసారే బయటపడతాయి. పైగా నడుము దాకా ఉన్న జుట్టయితే వంద వెంట్రుకలే పెద్ద ఉండగా కనిపిస్తాయి. ఆ ఉండ చూసి బెంగపడొద్దన్నారు.

మరి అమ్మాయికి ఎక్కువ ఎందుకు రాలుతోందంటే, కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలాల్సిన జుట్టు కూడా రాలకుండా నిలిచిపోతుందట. ఏడో నెలలో దాని జడ ఎంత ఒత్తుగా ఉండేదో నాకు గుర్తొచ్చింది. కాన్పయ్యాక అదంతా ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళి, మూడు నాలుగు నెలలకి కలిసికట్టుగా ఊడుతుంది. మా అత్తగారి మాట చెబితే, పిల్లలు మొహం చూసి నవ్వేదీ, ఇది మొదలయ్యేదీ దగ్గర దగ్గరగా ఒకే సమయమని మేడమ్ అన్నారు. పెద్ద జ్వరం, ఆపరేషన్, అన్నం మానేసి బరువు తగ్గడం, వీటి తర్వాత కూడా ఇదే తీరు: కారణం ఇవాళ అయితే జుట్టు రాలేది రెండు మూడు నెలలకి. అందుకే ఎవరూ రెంటినీ కలిపి చూసుకోరు. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు వచ్చేసరికి జుట్టు సర్దుకుంటుందట.

జుట్టుకి మందులేమీ రాయలేదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు మాత్రం రాశారు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా వస్తుందట. అమ్మాయి ఎవరో చెబితే బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు వేసుకుంటోంది. రక్తం ఇచ్చే ముందు అవి కొన్ని రోజులు ఆపమన్నారు, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చట. ఇది ఇంతకుముందు మాకు ఏ ల్యాబువాళ్ళూ చెప్పలేదు. తర్వాత రిపోర్టులొస్తే థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ పర్వాలేదు కానీ ఫెరిటిన్ బాగా తక్కువ. అంటే ఒంట్లో ఇనుము నిల్వ లేదు. ఐరన్ బిళ్ళలు ఇచ్చి, కాఫీ టీలతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్నారు.

ఆ మొదటి రోజే, ఇక వెళ్దామని లేస్తుంటే మేడమ్ నా నెత్తి వైపు చూసి, "అమ్మా, మీరొకసారి కూర్చోండి" అన్నారు.

నాకు యాభై దాటాయి. దువ్వెనలో జుట్టు పెద్దగా రాదు. వీధిలో వెంట్రుకలు కొనేవాళ్ళకి ఇద్దామని కిటికీ ఊచకి కట్టిన కవరు ఈ మధ్య నిండడమే లేదు. సవరం పెట్టి జడ వేసుకుంటాను కాబట్టి సన్నబడిందని ఎవరికీ కనిపించదు. నా తల లాగి చూస్తే ఒకటో రెండో వచ్చాయి, అంతే. కానీ చిన్న లెన్సు లాంటిది పాపిడి మీద పెట్టి చూసి, ఫోన్లో ఫోటో తీసి చూపించారు. ఒక మంచి లావు వెంట్రుక, దాని పక్కనే నూలుపోగులా సన్నవి రెండు, మళ్ళీ ఒక లావుది. మా అమ్మాయి తలలో అన్నీ ఒకే లావులో ఉన్నాయి.

అసలు జుట్టు తగ్గిపోవడమంటే ఇదీ అన్నారు. కుదురే ఏటికేడు కుంచించుకుపోయి, ఊడిన చోట ప్రతిసారీ ఇంకాస్త సన్నటిది మొలుస్తుంది. ఇది దువ్వెనలో లెక్కకి దొరకదు, పాపిడిలో దొరుకుతుంది. ఆడవాళ్ళకి నుదుటి అంచు అలాగే ఉండి నడినెత్తిన పాపిడి వెడల్పవుతుంది, మగవాళ్ళకి కణతల దగ్గర, నడినెత్తిన పోతుంది. ఇక రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా, నున్నగా పోతే అది పేనుకొరుకుడు. మంట, చీము, పొలుసులు ఉంటే అదీ వేరే జబ్బు. ఇలాంటివాటికి ఇంట్లో ఏదో రుద్దుతూ కూర్చోకుండా వెంటనే రమ్మన్నారు.

నాకు మినాక్సిడిల్ అనే పైపూత మందు రాశారు. జుట్టుకి కాదు, పాపిడి తీసి చర్మానికి రాయాలి. మొదటి వారాల్లో కొంచెం ఎక్కువ ఊడుతుందనీ, ఆపేయొద్దనీ, ఫలితం చూడాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుందనీ, మానేస్తే వచ్చింది కూడా పోతుందనీ ముందే చెప్పారు. బిడ్డకి పాలిస్తోంది కాబట్టి నా సీసా అమ్మాయిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. బిగించి జడ వేసి బరువైన సవరం వేలాడదీయడం కూడా తగ్గించమన్నారు. ఆ మాట మాత్రం నాకు కష్టంగానే ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. మేడమ్ ఒకరిని చూస్తుండగానే తర్వాతి పేషెంటుని లోపలికి పంపి స్టూలు మీద కూర్చోబెడుతున్నారు. ఆడపిల్లలు సవరం తీసి, తల విప్పి చూపించుకునే చోట అది బాగోలేదు. బిడ్డకి పాలివ్వడానికి మూల ఒక కర్టెన్ అయినా కట్టొచ్చు. మేడమ్ చాలా వేగంగా మాట్లాడతారు, అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అమ్మాయికి ఇప్పుడు నుదుటి పైన పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిలబడి కనిపిస్తున్నాయి. నాకు ఆవిడ చెప్పినట్టే మందు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి ఊడటం పెరిగింది. ఫోన్ చేస్తే మేడమే లైన్లోకి వచ్చి కొనసాగించమన్నారు. ఆరో నెలలో మళ్ళీ అదే లెన్సుతో ఫోటో తీస్తారట. అప్పుడు నా మందు సంగతి కూడా రాస్తాను.