ముసురు రోజుల్లో గాజు పలకల నెగటివ్ క్యారియర్

ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి డార్క్‌రూమ్‌లో ఏళ్ల తరబడి వాడుతున్న కండెన్సర్ ఎన్‌లార్జర్ (దీపం వెలుగును కటకాలతో కూడగట్టి, నెగటివ్‌లోని బొమ్మను కాగితం మీదికి పెద్దదిగా వేసే పరికరం) గురించి లోగడ రాసినప్పుడు, అందులో నెగటివ్‌ను పట్టి ఉంచే గాజు పలకల క్యారియర్‌ను మనసారా మెచ్చుకున్నాను. రెండు పలకల నడుమ ఫిల్ము ఎక్కడా వంగదు కనుక ప్రింటు నడిమి భాగం ఎంత స్పష్టంగా వస్తుందో నాలుగు మూలలూ అంతే స్పష్టంగా వస్తాయన్న మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. అయితే విశాఖలో ఆ మాట చలికాలానికే పూర్తిగా వర్తిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తరువాత బీచ్ రోడ్డులో తీసిన ఒక నెగటివ్‌ను, ఆగస్టు ముసురులో పెద్ద కాగితం మీదికి ఎన్‌లార్జ్ చేయబోయాను. వేళ్లతో సహా కూలిన చెట్టు, దాని వెనుక సముద్రం, పైన ఒక్క మేఘమైనా విడిగా కనిపించని బూడిదరంగు ఆకాశం. సరిగ్గా ఆ ఆకాశంలోనే, నీటి మీద తేలే నూనె పొరలా, ఒకదానిలో ఒకటిగా వంకర వలయాలు కనిపించాయి. పలకలు తుడిచి, ఫిల్మును మళ్లీ కడిగి ఆరబెట్టి చూస్తే వలయాలు చోటు మారాయే తప్ప పోలేదు.

నెగటివ్‌లో ఎమల్షన్ (బొమ్మ ఏర్పడే పూత) ఉన్న మసక వైపు కిందికి, నున్నని వైపు పైకి ఉంటాయి. ఆ నునుపు పై పలకకు తగిలీ తగలనట్టు ఉన్నచోట మిగిలే సన్నని గాలిపొరే ఈ న్యూటన్ వలయాలకు కారణం. తేమకు ఫిల్ము మెత్తబడి పలకకు అతుక్కునే రోజుల్లో ఈ బెడద మరీ ఎక్కువ. కొమ్మల్లో, అలల్లో కలిసిపోయే వలయాలు ఖాళీ ఆకాశంలో మాత్రం దాగవు.

1857లో బాల్టిమోర్‌లో డేవిడ్ వుడ్‌వర్డ్ ఎండతో పనిచేసే సోలార్ కెమెరా అనే ఎన్‌లార్జర్‌కు పేటెంట్ పొందిన నాటికి నెగటివ్ అంటే చాలావరకు గాజు పలకే కనుక, అది వంగుతుందన్న చింత ఉండేది కాదు. ఫిల్ము వచ్చాకే దానిని చదునుగా పట్టి ఉంచడం ఒక సమస్య అయింది. గాజు లేని క్యారియర్‌లో పెడితే దీపం వేడికి నెగటివ్ నడుమ ఉబ్బి ఫోకస్ తప్పుతుంది. దీపం కాసేపు వెలిగించి, ఆ ఉబ్బు నిలకడగా మారాక ఫోకస్ చేసి, వెంటనే కాగితానికి ఎక్స్‌పోజర్ (వెలుగు) ఇస్తే చిన్న ప్రింట్లకు సరిపోతుంది కానీ, పెద్దవాటిలో మూలలు మసకబారుతున్నాయి.

చివరికి పై పలకను తీసి, ఒకవైపు సన్నగా గరుకు చేసిన యాంటీ న్యూటన్ గాజు అమర్చాక ఆ చెట్టు ప్రింటు నేను కోరుకున్నట్టు వచ్చింది. ఆ ఆకాశాన్ని చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషమే. కాకపోతే 35 మి.మీ. నెగటివ్‌ను బాగా పెద్దది చేస్తూ లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కు కుదిస్తే ఆ గరుకే లేత రంగుల్లో పొడిలా కనిపిస్తుంది. అందుకే రంధ్రాన్ని ఎఫ్/5.6 కన్నా చిన్నది చేయడం లేదు. ఫిల్ముకు ఉన్న రెండు ముఖాలకు పలకల నాలుగు ముఖాలు తోడవడంతో, దుమ్ము దులపడానికే చాలా సమయం పోతోంది.

నేను ఎక్కువగా 6×6 సెం.మీ. నెగటివ్‌లనే వాడతాను, మా ఇంటికి సముద్రం దగ్గర, డార్క్‌రూమ్‌లో ఏసీ లేదు. ఈ పరిస్థితుల్లో గరుకు గాజుకు పెట్టిన ఖర్చు నాకు సబబే అనిపిస్తోంది. పొడి గాలి ఉన్న ఊళ్లో 35 మి.మీ. నుంచి 8×10 అంగుళాల ప్రింట్లు మాత్రమే తీసేవారికి బహుశా గాజు లేని క్యారియరే చాలు.